గేదె మనసు ఏ డిపార్టుమెంటుది?

ఎంపీసీ, బైపీసీ అంటూ పదిహేనేళ్లకే పిల్లల్ని రెండు గట్లకు చేర్చేస్తున్నాం. జంతువుల ప్రవర్తన చదవాలంటే మాత్రం రెండు గట్లూ కావాలి. వడ్లమూడి కొట్టాల నుంచి సూర్యలంక ఇసుక దాకా అదే కథ.

తెల్లవారుజామున కొట్టంలో గేదె ఒకసారి అరిచి ఊరుకుంటుంది. ఆ పూట పాలు కాస్త తగ్గుతాయి. తీగ వేసిందో లేదో చీకట్లో తెలియదు. పొద్దెక్కేసరికి ఏమీ ఎరగనట్టు గడ్డి మేస్తుంటుంది. రైతు కనిపెట్టలేకపోతే మళ్లీ మూడు వారాలు ఆగాల్సిందే. పైకి తెలియనివ్వని ఈ ఎదను 'మూగ ఎద' అంటారు. ఎండాకాలం వచ్చిందంటే ఈ బెడద మరీ ఎక్కువ. ఈత వెనక్కి పోతుంది, వట్టిపోయిన గేదెకు మేత దండగవుతుంది.

గుంటూరు-తెనాలి రోడ్డు మీదున్న వడ్లమూడిలో ఈ నష్టం గురించి ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. సంగం డెయిరీ ఉన్నది ఇక్కడే. 2008లో డీమ్డ్ హోదా పొందిన విజ్ఞాన్ విశ్వవిద్యాలయమూ ఇక్కడే. బయోటెక్నాలజీ, ఫుడ్ టెక్నాలజీ, కంప్యూటర్ సైన్స్ ఒకే ప్రాంగణంలో నడుస్తున్నాయి. మరి మూగ ఎదను పట్టుకోవడం వీళ్లలో ఎవరి పని? హార్మోన్ల సంగతి పశువైద్యుడికి తెలుసు. ఎదకొచ్చిన పశువు ఎక్కువగా తిరుగుతుంది కాబట్టి కాలికి కట్టిన సెన్సర్ అడుగులు లెక్కపెడుతుంది. వాటిలో ఏది మామూలు తిరుగుడో, ఏది ఎద తిరుగుడో తేల్చడానికి గణాంకాలు కావాలి. ఆవుకు సరిపోయిన లెక్క గేదెకు సరిపోతుందా అన్నది మాత్రం రాత్రుళ్లు కొట్టం దగ్గర కూర్చుని చూసినవాళ్లే చెప్పాలి.

చేపులో నాలుగు ప్రశ్నలు

దూడను వదలగానే గేదె చేపుతుంది. రోజూ చూసేదే కదా అనిపిస్తుంది. జంతు ప్రవర్తన శాస్త్రానికి పునాది వేసినవారిలో ఒకరైన నికో టింబర్గెన్ 1963లో, ఏ ప్రవర్తననైనా నాలుగు వైపుల నుంచి అడగాలన్నాడు. పదేళ్లకు కార్ల్ ఫాన్ ఫ్రిష్, కోన్రాడ్ లోరెంజ్‌లతో కలిసి నోబెల్ అందుకున్నాడు. ఆ నాలుగు ప్రశ్నలూ మన కొట్టంలోనే వేసి చూద్దాం.

చేపు ఎలా జరుగుతుంది? దూడ మూతి తగలగానే మెదడు నుంచి ఆక్సిటోసిన్ రక్తంలోకి వస్తుంది, పాలు దిగుతాయి. కొత్తమనిషిని చూసి బెదిరితే అదే గేదె ఎగచేపుతుంది. ఇది శరీరధర్మశాస్త్రం. బతుకులో ఎలా అలవడుతుంది? తొలిచూలు పడ్డకు దూడ కావాలి, ముదురు గేదెకు బకెట్ చప్పుడు చాలు. ఇది నేర్పు, అంటే మనస్తత్వశాస్త్రం. దేనికి పనికొస్తుంది? పరాయి నోటికి పోకుండా పాలు సొంత బిడ్డకు దక్కడానికి. ఇది జీవావరణశాస్త్రం. ఎక్కడి నుంచి వచ్చింది? పాలిచ్చే జంతువులన్నిటికీ ఉన్న పాత సంపద ఇది, జవాబు పరిణామశాస్త్రంలో వెతకాలి. గేదె ఒకటే, చేపూ ఒకటే. జవాబులు మాత్రం నాలుగు గదుల్లో ఉన్నాయి.

బుట్టలో రసాయనం, ఇసుకలో భౌతికం

ఇక కొట్టం దాటి, పత్తి చేల మీదుగా, 1945లో మొదలైన బాపట్ల వ్యవసాయ కళాశాల వైపు వెళ్దాం. గుంటూరు పత్తి రైతుకు లింగాకర్షక బుట్ట కొత్త కాదు. గులాబీ రంగు పురుగులో ఆడ రెక్కలపురుగు మగదాన్ని పిలవడానికి వదిలే వాసనను రసాయనశాస్త్రవేత్తలు ప్రయోగశాలలో తయారుచేశారు. దాన్ని ఎరగా పెడితే మగపురుగులు వెతుక్కుంటూ వచ్చి పడతాయి. పడిన పురుగులను లెక్కపెట్టి మందు ఎప్పుడు కొట్టాలో రైతు నిర్ణయించుకుంటాడు. పురుగు ప్రేమాయణం తెలియని రసాయనశాస్త్రానికి ఈ బుట్ట తట్టదు. రసాయనం తెలియని కీటకశాస్త్రానికి దాన్ని నింపడం చేతకాదు.

సూర్యలంక తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ వచ్చి, ఇసుకలో గుంట తీసి, ఒక్కో విడతలో వంద దాకా గుడ్లు పెట్టి పోతాయి. పిల్ల ఆడదో మగదో తేల్చేది ఇసుక వేడి. వేడి ఎక్కువైతే ఆడవి, తగ్గితే మగవి. గుడ్లు పగిలి బయటపడ్డ పిల్లలు వెలుతురు ఎటుంటే అటు పాకుతాయి. చీకటి తీరంలో ఆ వెలుతురు సముద్రం మీదే ఉంటుంది. ఒడ్డున రిసార్టు లైట్లు వెలిగితే అవి వెనక్కి, రోడ్డు వైపు తిరుగుతాయి. తాబేలు పిల్లను కాపాడాలంటే ఏ రంగు దీపం, ఎంత ఎత్తులో, ఎటు తిప్పి పెట్టాలో చెప్పే ఎలక్ట్రికల్ ఇంజినీరు కావాలి.

గోడ ఎక్కడుంది?

జంతువులను గమనించే పద్ధతులకు నేటికీ ప్రామాణికంగా నిలిచిన 1974 నాటి వ్యాసం రాసింది జీన్ ఆల్ట్‌మన్. ఆమె డిగ్రీలో చదివింది గణితం. కళ్లకు నచ్చినప్పుడల్లా నచ్చింది రాసుకుంటే అది సాక్ష్యం కాదని, ఏ జంతువును ఎంతసేపు చూడాలో ముందే నిర్ణయించుకోవాలని తేల్చింది. మన దగ్గర అయితే ఆమెను ఇంటర్‌లోనే ఎంపీసీలో కూర్చోబెట్టి, జంతువుల జోలికి పోవద్దనేవాళ్లం.

ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు 2025-26 నుంచి గణితం, జీవశాస్త్రం రెండూ చదివే ఎంబైపీసీకి దారి తెరిచింది. గోడకు తలుపు పడింది. 2015లో మొదలైన తిరుపతి ఐసర్‌లో బీఎస్-ఎంఎస్ పిల్లలు మొదట గణితం, భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు నాలుగూ చదవాలి. అక్కడ వి.వి. రాబిన్ బృందం షోలా అడవుల పిట్టల పాటలను రికార్డు చేసి, కంప్యూటర్ మీద కొలిచి, అడవి ముక్కలైతే పాట ఎలా మారుతుందో చూస్తోంది.

దీనికి పెద్ద డబ్బూ అక్కర్లేదు. బెంగళూరు ఐఐఎస్‌సీలో రాఘవేంద్ర గడగ్కర్ దశాబ్దాలుగా కందిరీగల మీద రంగుచుక్కలు పెట్టి, ఏది రాణో, ఏది పనిచేసేదో గుర్తుపట్టి రాసుకుంటూ పేరున్న పరిశోధన చేశారు. గడియారం, నోటుపుస్తకం, ఓపిక ఉంటే డిగ్రీ పిల్లలూ మొదలుపెట్టొచ్చు.

కాలేజీలు చేయాల్సింది ఒక్కటే. ఆఖరి ఏడాది ప్రాజెక్టు మీద రెండు వేర్వేరు డిపార్టుమెంట్ల గైడ్లు సంతకం పెట్టే వీలివ్వాలి. అప్పుడు సెన్సర్‌కు ప్రోగ్రాము రాసే కుర్రాడు, ఎద లక్షణాలు తెలిసిన అమ్మాయి ఒకే కొట్టంలో కూర్చుంటారు. ఇద్దరికీ కలిపి ఒకే మార్కు వేస్తే గేదెను ఒకరికొకరు అప్పజెప్పి తప్పుకోరు.