చేప జబ్బు ఫొటోలో గాజు మెరుపు లేకుండా...

మారేడుమిల్లి కొండల్లో కుంటల్లో కట్ల, రోహు పెంచే రైతులు చేపపై ఎర్రమచ్చలు, పేను కనిపిస్తే ఫొటో తీసి మత్స్యశాఖ సిబ్బందికి చూపించాలి. గాజుతొట్టిపై మెరుపు పడితే అది తెల్లమచ్చలా కనిపించి జబ్బును తప్పుగా గుర్తించే ప్రమాదం ఉంది. తప్పు మందు వాడితే డబ్బు, చేప రెండూ పోతాయి.

తొట్టిలో కుంట నీరే పోసి, మట్టి తేరుకున్నాక చేపను వదలాలి. గాజు బయటివైపు పొడిగుడ్డతో తుడవాలి. తొట్టిని నీడలో పెట్టి, వెలుతురు పక్కనుంచి పడేలా చూడాలి. ఫ్లాష్ వాడరాదు.

గాజులో మెరిసేది మన వైపున్న వెలుగే. కాబట్టి నల్లగుడ్డకు చిన్న రంధ్రం చేసి, అందులోంచి కెమెరాతో తీయాలి. ఫోన్‌ను గాజుకు దగ్గరగా, నేరుగా పట్టుకోవాలి. ఏటవాలుగా తీస్తే చేప ఆకారం మారిపోతుంది. మసకగా వస్తే కొద్దిగా వెనక్కి జరగాలి.

జబ్బు చేపను తిరిగి కుంటలో వదలరాదు.