గుడి కదిలింది, రోలు మునిగింది

పళ్లెంలో నీళ్ల గ్లాసులు పెట్టుకుని వంటింట్లోంచి ముందు గదిలోకి ఎన్నిసార్లు తెచ్చి ఉంటాం! ఒక్క గ్లాసూ పడదు. మనం పట్టుకునేది గ్లాసుల్ని కాదు, పళ్లేన్ని కదా. రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో యోర్దకెస్కు అనే ఇంజనీరు ఒకసారి హోటల్లో సర్వరు పట్టుకెళ్లే పళ్లెం చూశాడట. చర్చిలను కూడా అలాగే కదిలించవచ్చన్న ఆలోచన ఆయనకు అక్కడే తట్టిందట!

1980లలో అక్కడ చౌషెస్కు పాలన. వెడల్పాటి రోడ్లకూ, బ్రహ్మాండమైన తన భవనానికీ చోటు కావాలని పాత పేటలను పడగొట్టించాడు. దాదాపు 40 వేల మంది ఇళ్లు వదిలారు. ఎన్నో చర్చిలు నేలమట్టమయ్యాయి. కొన్ని మాత్రం ఈ ఇంజనీరు పుణ్యమా అని దక్కాయి. గోడల కింద తవ్వి, కాంక్రీటు పళ్లెం పోసి, జాకీలతో ఎత్తి, పట్టాల మీద మెల్లమెల్లగా జరిపించాడు. మిహాయ్ వోడ చర్చి 1985లో అలా 289 మీటర్లు ప్రయాణం చేసింది. ఇవాళ అపార్టుమెంట్ల వెనక నక్కి ఉంటుంది పాపం.

ఎక్కడి కథో అనుకోకండి. మా గడివేముల ఆడవాళ్లం ఏదో పని మీద కర్నూలు వెళ్తూనే ఉంటాం. 2025 ఆగస్టు 15 నుంచి బస్సులో మనకు టికెట్టు డబ్బులు కూడా లేవాయె. ఆ ఊరి అంచున జగన్నాథగట్టు మీద ఉన్న రూపాల సంగమేశ్వరాలయం అక్కడ పుట్టింది కాదు. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని విప్పి తెచ్చి మళ్లీ కట్టిన గుడి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్నీ ఇలాగే అలంపురం చేర్చారు. మనవాళ్లు పట్టాలు వేయలేదు. రాయికో నంబరు వేసి, ఊడదీసి, ఆ లెక్కనే పేర్చారు. ఇదీ తక్కువ పనేం కాదు.

మరి ఇళ్ల సంగతి?

దాదాపు వంద ఊళ్లు, లక్ష మంది జనం. 1981లో చాలా ఊళ్లను హడావుడిగా ఖాళీ చేయించారు. మా పెదమ్మ అత్తగారి ఊరూ అందులో పోయింది. దూలాలు, ద్వారబంధం, పాత్రసామాను బండికెత్తారట. "నడవలో పాతిన రోలు మాత్రం పెకలించనీకె కాలేదు మే. మా అత్త కాలం నాటిది. దానికేం నంబరేసేటోళ్లు లేకపాయె!" అంటుంది పెదమ్మ. నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు. బుకారెస్ట్‌లోనూ ఇంతే. ఇరుకు ఫ్లాట్లలోకి పోతూ కుక్కల్ని వీధిలోనే వదిలేశారట.

గుళ్లను తరలించడం తప్పని నేననను. అవి లేకపోతే చాళుక్యుల నాటి పనితనం మన పిల్లలు బొమ్మల్లోనే చూసేవాళ్లు. కానీ రాళ్లకు చూపిన ఆ ఓపిక మనుషుల విషయంలో ఏమయింది? ముంపు కుటుంబానికో ఉద్యోగమంటూ జీవో 98 వచ్చింది 1986లో. దాని కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి జుట్టు నెరిసినవాళ్లు ఎందరో.

కదలని గుడి కూడా ఒకటుంది. మన నంద్యాల జిల్లాలోనే, ఏడు నదులు కలిసే చోటని చెప్పే సంగమేశ్వరం. వేపమొద్దు శివలింగం ఉన్న ఆ గుడి ఏడాదిలో చాలా నెలలు నీళ్లలోనే ఉంటుంది. ఎండాకాలం నీళ్లు తగ్గాక బయటపడుతుంది, కృష్ణకు వరదొస్తే మళ్లీ మునుగుతుంది. చూడాలనుకుంటే ఆత్మకూరు చేరుకుని అక్కణ్నుంచి వెళ్లాలి. నీడ తక్కువ. గొడుగు, మంచినీళ్లు మరవకండి.

పెదమ్మనీ తీసుకెళ్దామనుకుంటున్నా. నీళ్లు బాగా తీస్తే వాళ్ల ఊరి జాగా కనపడుతుందేమోనని ఆమె ఆశ. పొద్దున పేపరు రాగానే, "శ్రీశైలంలో ఎన్ని అడుగులున్నాయో సదువు మే" అంటుంది.