ద్విజములు – వంశగుణాలు

సంస్కృతంలో పంటికి 'ద్విజం' అని పేరు. రెండుసార్లు పుట్టేది అని దాని అర్థం. మొదట వచ్చే పాలపళ్ళు 20. అవి ఊడిపోయాక స్థిరదంతాలు వస్తాయి. మొత్తం 32లో వెనుకనున్న 12 దవడపళ్ళు మాత్రం ఒక్కసారే పుడతాయి కనుక, వాటికి ఈ పేరు పూర్తిగా వర్తించదు. ఎలాగూ ఊడిపోయేవే కదా అని పాలపళ్ళను చాలామంది ఉపేక్షిస్తారు. అవి పుచ్చిపోతే "మా వంశంలోనే పళ్ళు గట్టివి కావు" అని సరిపెట్టుకుంటారు. సికింద్రాబాదు వంటి నగరంలో, చదువుకున్న కుటుంబాలలో సైతం ఈ మాట వినిపిస్తుంది. ఇందులో సత్యమెంత?

దంతక్షయానికి మూలం సూక్ష్మజీవులు. వాటిలో ముఖ్యమైనది స్ట్రెప్టోకోకస్ మ్యూటన్స్. పళ్ళ సందుల్లో మిగిలిన చక్కెరను ఇవి ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం పంటిపై ఉన్న ఎనామిల్ పొరను కరిగిస్తుంది. ఆ పొర గట్టిదనాన్ని, లాలాజలం గుణాన్ని, చివరకు తీపిపై మక్కువను కూడా కొంతవరకు జన్యువులు నిర్ణయిస్తాయి. అయితే 2019లో ఆస్ట్రేలియాలో ఆరేళ్ళ కవల పిల్లలపై వెలువడిన అధ్యయనం, దంతక్షయంలో జన్యువులకంటె పరిసరాల పాత్రే ఎక్కువని తేల్చింది.

పుట్టిన బిడ్డ నోటిలో ఈ సూక్ష్మజీవులు ఉండవు. తల్లి కొరికి పెట్టిన పండు ద్వారా, రుచి చూసిన చెంచా ద్వారా అవి బిడ్డకు చేరుతాయి. ఎంగిలి విషయంలో పూర్వుల పట్టింపును చాదస్తమని నవ్వేవారు ఇక్కడ ఒక్క క్షణం ఆగవలసి ఉంటుంది. తల్లికీ బిడ్డకూ పళ్ళు పుచ్చినంత మాత్రాన అది రక్తంలో వచ్చిన గుణం కాదు. నల్లగొండ జిల్లా పల్లెలలో తరతరాలుగా ఇంటిల్లిపాది పళ్ళపై గోధుమరంగు మచ్చలు కనిపించేవి. అది పుచ్చు కాదు, వంశలక్షణమూ కాదు. భూగర్భజలంలోని ఫ్లోరైడ్ చేసిన పని. ఈ వ్యాధిని 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో వైద్యశాస్త్రజ్ఞులు గుర్తించారు.

చిగుళ్ళ వ్యాధి సంగతి కొంత వేరు. పిల్లల చిగుళ్ళు వాచి రక్తం కారడానికి సాధారణంగా పాచి పేరుకోవడమే కారణం. శుభ్రంగా తోముకుంటే తగ్గుతుంది. కాని అరుదుగా, ఎంత తోమినా తగ్గని వ్యాధి ఒకటి ఉన్నది. 1924లో ఇద్దరు ఫ్రెంచి వైద్యులు వర్ణించినందున దానికి పాపియాన్–లెఫెవ్ర్ వ్యాధి అని పేరు వచ్చింది. ఇది సోకిన పిల్లలకు నాలుగైదేళ్ళకే పాలపళ్ళు కదలి ఊడిపోతాయి. కౌమారం దాటకముందే స్థిరదంతాలూ పోతాయి. ద్విజానికి రెండవ జన్మ కూడా దక్కదు. తెల్ల రక్తకణాల రక్షణశక్తికి తోడ్పడే కెథెప్సిన్–సి అనే ఎంజైమును తయారుచేసే జన్యువు లోపించడమే ఇందుకు కారణమని 1999లో తెలిసింది.

తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు వచ్చినప్పుడే ఈ వ్యాధి బయటపడుతుంది. ఒక్కరి నుంచి మాత్రమే వస్తే బిడ్డ ఆరోగ్యంగానే ఉంటుంది, కాని ఆ లోపాన్ని మోస్తుంది. తల్లిదండ్రులిద్దరూ అలా మోసేవారైతే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ముప్పు ఉంటుంది. మేనమామను గాని, మేనబావను గాని పెళ్ళాడినప్పుడు ఇద్దరికీ ఒకే తాత నుంచి ఒకే లోపం సంక్రమించి ఉండే అవకాశం ఎక్కువ. ఈ వ్యాధిగ్రస్తులలో దాదాపు మూడవ వంతు మంది తల్లిదండ్రులు రక్తసంబంధీకులే. మేనరికం కాకపోయినా నిశ్చింతగా ఉండడానికి లేదు. సికింద్రాబాదుకు చేరువలో, హబ్సిగూడలో ఉన్న సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు తంగరాజ్, లాల్జీ సింగ్ ప్రభృతులు హార్వర్డ్ పరిశోధకులతో కలిసి 2009లో ఒక విషయం నిరూపించారు. భారతదేశంలో అనేక సమూహాలు కొద్దిమంది మూలపురుషుల నుంచి విస్తరించి, శతాబ్దాలుగా తమలో తామే వియ్యమందుకొంటున్నాయి. అందువల్ల ఇటువంటి లోపాలు ఆ సమూహాలలో నిలిచిపోతాయి.

ఈ వ్యాధి పిల్లల అరచేతులలో, అరికాళ్ళలో చర్మం దళసరెక్కి పగుళ్ళు బారుతుంది. అందుకే పళ్ళు కదులుతున్న పసివాణ్ణి తీసుకువస్తే, అనుభవజ్ఞుడైన దంతవైద్యుడు నోరు చూసి ఊరుకోడు. అరచేతులు తిప్పి చూస్తాడు. పెళ్ళికి పూర్వం తమ మధ్య ఉన్న చుట్టరికమేమిటని తల్లిదండ్రులను అడుగుతాడు.