కాశికి మరల పోవుట

"కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒకటే" అని మన పూర్వులు అనుకొనెడి కాలము ఒకటి యుండెను. ఆ మాట ఊరక పుట్టలేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే 18వ తేదీన చెన్నపట్టణమున బయలుదేరి, కాశీయాత్ర ముగించుకొని, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. పదునైదు మాసములకు పైగా పట్టినది. పరివారము గల ధనవంతుని గతియే అది యైనప్పుడు సామాన్యుల మాట చెప్పనేల? అట్టి కాలమున కాశికి రెండవమారు పోవలెనను తలంపు ఎవరికి కలుగును?

నేడు సికింద్రాబాదులో రైలెక్కినవాడు రెండవనాటికి కాశిలో దిగుచున్నాడు. అయినను మనవారిలో పెక్కుమంది ఒక్కమారు పోయి, స్నానము, శ్రాద్ధము, దర్శనము ముగించుకొని, గంగాజలపు చెంబులతో తిరిగివచ్చి, ఋణము తీరినదని ఊరకుందురు. నేను మూడుమారులు పోయితిని. మొదటిమారు పుణ్యమునకు. తక్కిన రెండుమారులు, దాచనేల, తిండికిని తిరుగుటకును. ఆ సంగతియే ఈ సాయంకాలము మీకు విన్నవింపదలచితిని.

కాశికి తిండికై పోవుట ఏమి ధర్మమని మీలో కొందరు ముక్కున వ్రేలు వేసికొందురు. మా యూరి పురోహితులును అట్లే అడిగిరి. వారికి నేను వ్యాసుల కథనే జ్ఞాపకము చేసితిని. కాశిలో భిక్ష దొరకక, ఆకలికి తాళలేక, ఆ మహర్షి పట్టణమునే శపింపబూనెను. అప్పుడు అన్నపూర్ణ ముత్తైదువ రూపమున వాకిట నిలిచి, శిష్యసమేతముగా ఆయనను పిలిచి, కడుపునిండ భోజనము పెట్టెను. పెట్టిన పిమ్మటనే విశ్వేశ్వరుడు ఊరు విడువుమని ఆజ్ఞాపించెను. వెడలగొట్టవలసిన వానికి సైతము ముందు అన్నము పెట్టి తరువాత వెడలగొట్టిన ఊరు అది! ఆ వ్యాసులు పిదప మన దక్షారామమునకు వచ్చిన వృత్తాంతమును శ్రీనాథుడు భీమఖండమున చెప్పియున్నాడు గనుక, ఈ కథ మనకు పరాయిది గాదు. పురోహితులు నవ్వి, "అట్లయిన పోయిరండు" అనిరి.

మొదటి ప్రయాణము 2011 మే నెలలో, గంగాపుష్కరములకు. మా తల్లిగారిని తీసికొనిపోయితిని. కాశికి పోయినవారు తమకు ఇష్టమైన కాయయో పండో అక్కడ విడిచి రావలెనను ఆచారము మీరెరుగుదురు. దీనిలో మనవారు చేయు చమత్కారమును ఎరుగుదురు. పుట్టినది మొదలు నోట పెట్టని కాకరకాయను గంగలో విడిచి, నిశ్చింతగా ఇల్లు చేరువారు మా బంధువులలోనే కలరు. నేనును ఆ యెత్తే వేసితిని. మా తల్లిగారు పురోహితుని యెదుటనే, "నాయనా, గంగమ్మకు లెక్కలు రావనుకొన్నావా?" అనిరి. ఆమె మామిడిపండు విడిచిరి. బయలుదేరుటకు ముందు ఇంటిలో బంగినపల్లి కాయలు గడ్డిలో మాగవేసి వచ్చినాము. ఆమె తానే వేసెను. ఇక నాకు నోరెత్తుటకు వీలులేక వంకాయ విడిచితిని. గుత్తివంకాయ కూర లేని విందు విందు కాదను కుటుంబమున పుట్టినవానికి అది సామాన్యమైన త్యాగము గాదని మీరు గ్రహింపగలరు.

మరునాటి ఉదయము విశ్వేశ్వరాలయము చెంత ఒక సందులో కచోడీలు వేయుచుండగా చూచితిమి. మినపపప్పు ముద్ద పొదిగి నేతిలో వేచిన పూరీ వంటిది కచోడీ. ఆకుదొప్పలో రెండు కచోడీలు, పైన బంగాళాదుంప కూర, వెనువెంటనే వేడి జిలేబీ. ఇదియే కాశీవారి ఉదయాహారము. మడిగల మా తల్లిగారు సందులో నిలుచుండి తినుటకు కొంతసేపు వెనుకాడి, "ఆకులో పెట్టినది, నేతిలో వేగినది, దోషమేమి?" అని తామే తీర్పు చెప్పుకొని తినిరి. ఆ పుష్కరయాత్రలో స్నానములు, దానములు అన్నియు కలిసి ఒకటిగా అయిపోయినవి గాని, ఆమె అరుగు మీద చేయి ఆనించి జిలేబీ తిన్న దృశ్యము మాత్రము నాకు విడిగా నిలిచిపోయినది. మరల రావలెనని అప్పుడే అనిపించినది.

2014లో ఉద్యోగవిరమణ అయినది. ఆ యేడు కార్తికమాసము చివరలో ఒక్కడనే పోయి నెలదినములు ఉంటిని. కాశిలో తిరుగదలచినవారికి కార్తిక మార్గశిరములే తగిన కాలము. వేసవిలో అక్కడ రాళ్లు పెనములగును. వానకాలమున గంగ మెట్లన్నిటిని మ్రింగి, ఒక ఘట్టము నుండి వేరొక ఘట్టమునకు దారి లేకుండ చేయును.

కాశిలో గంగ ఉత్తరముగా ప్రవహించును. పట్టణమంతయు పడమటి గట్టున, ఎత్తైన మిట్ట మీద ఉన్నది. ఎదుటి గట్టు ఇసుకమేట. కావున తెల్లవారుసరికి సూర్యుడు అడ్డులేకుండ నేరుగా మెట్ల మీద పడును. దక్షిణమున అసి ఘట్టమున ప్రారంభించి, సూర్యుని కుడిచేత ఉంచుకొని ఉత్తరముగా నడచినచో మన తెలుగువారి జాడలు కొన్ని కనబడును. కేదార ఘట్టము ప్రక్కన విజయనగర ఘట్టము. దానికి సమీపమున మానససరోవర ఘట్టము దగ్గర తెలుగువారి ఆశ్రమములు. పచ్చడి, పప్పు, మజ్జిగ దొరకును. చాల దూరము పోయిన తరువాత పంచగంగా ఘట్టము. విజయనగర ప్రాంతమున పుట్టి కాశిలో చిరకాలము వసించి 1887లో సిద్ధిపొందిన త్రైలింగస్వామివారి మఠము అక్కడ కలదు. మనవారు తొమ్మిది నిద్రల నియమము పెట్టుకొని, ఆ తొమ్మిది దినములును ఆశ్రమములో ఆవకాయ అన్నమే తిని తిరిగివత్తురు. ఆవకాయ యింటను కలదు గదా!

ఇక సందులు. ఇద్దరు ఎదురుపడినచో ఒకరు ప్రక్కకు ఒదుగవలెను. ఎద్దు ఎదురైనచో ఇద్దరును అరుగెక్కవలెను. నాలుగు మలుపులు తిరుగునప్పటికి దిక్కు తెలియదు. నేను మొదటి వారము ప్రతిదినము దారి తప్పితిని. ఒక పాలవాడు చెప్పిన ఉపాయము మీకును పనికివచ్చును. ఊరు మిట్ట, నది పల్లము గనుక, పల్లమైన వైపునకు నడచినచో ఎప్పటికైన గంగ కనబడును. గంగ కనబడినచో ఇల్లు దొరికినట్లే. ఈ కిటుకు తెలిసిన తరువాత దారి తప్పుటయే నాకు వేడుక యైనది.

ఆ చలిదినములలో మాత్రమే దొరకు పదార్థము ఒకటి కలదు. పేరు మలయియో. దీనిని గురించి కొంచెము విపులముగా చెప్పెదను, ఏలయన మన దేశమున దీనికి సాటి లేదు. చిక్కని పాలు కాచి, రాత్రి ఆరుబయట మంచులో ఉంచుదురు. తెల్లవారుజామున చక్కెర, ఏలకులపొడి, కుంకుమపువ్వు చేర్చి, పెద్ద కవ్వముతో చిలుకుదురు. పైకి తేలిన నురుగును మాత్రము తీసి మట్టిముంతలలో నింపి, పైన పిస్తాపప్పు చల్లుదురు. మంచు కురిసినగాని నురుగు నిలువదని చేయువారు చెప్పుదురు. చలికి పాలలోని వెన్న బిగిసి గాలిబుడగలను పట్టియుంచును. ఎండ తగిలినచో సడలి కరగిపోవును. అందుచేత ప్రొద్దెక్కునప్పటికి అమ్మకము ముగియును. మాఘఫాల్గుణములు దాటినచో ఆ యేటికి దాని ఊసే యుండదు. నోటిలో పెట్టినది ఉన్నదో లేదో తెలియకముందే తీపి మాత్రము మిగులును. నేను ఒకనాడు ముంత ఇంటికి తీసికొనిపోయి, స్నానము చేసి తిందమని ఉంచితిని. వచ్చి చూచునప్పటికి అడుగున రెండు చెంచాల పచ్చని పాలు! కాశీలో స్నానము మానకూడదు గాని, ఆ పూట మానియుండవలసినది.

ఇక నా వంకాయ సంగతికి వచ్చెదను. కార్తిక బహుళమున, కాశీ వెలుపల పంచక్రోశ మార్గమున నున్న రామేశ్వరమను చోట, వరుణానది గట్టున ఒక తిరునాళ్ల జరుగును. దాని పేరు లోటా-భంటా మేళా. లోటా యనగా చెంబు, భంటా యనగా వంకాయ. అవును, వంకాయ తిరునాళ్లయే! సందులో నా ప్రక్కగదిలో బస చేసినవారు, "మంచి భోజనము దొరకును, రండు" అనిన నమ్మి పోయితిని. నదిలో మునిగి వచ్చినవారు గట్టు పొడవునను పిడకల నిప్పులు రాజవేసి, గోధుమపిండి ఉండలలో వేపుడు సెనగపిండి, వాము, పచ్చిమిరప, వెల్లుల్లి, ఆవనూనె కలిపి కూరి, నిప్పులలో కాల్చుదురు. అవి బాటీలు. అదే నిప్పులో వంకాయలు కాల్చి, ఉప్పు కారము, ఆవనూనె వేసి మెదిపినది చోఖా. మన కాల్చిన వంకాయ పచ్చడికి అన్నదమ్ముడే, చింతపండు మాత్రము లేదు. దేవునికి నివేదించి అక్కడనే తిందురు. నది గట్టెల్ల వంకాయ కమురువాసన. గుండ్రముగా, చేతికి నిండుగా, గింజ తక్కువగా నుండు వంకాయలు ఆ ప్రాంతపు ప్రసిద్ధి. గంగ కావలియొడ్డున రామనగరమున పండు వంకాయకు 2023లో భౌగోళిక గుర్తింపు సైతము లభించినది. ఆ రామనగరమే వ్యాసకాశి, వెడలగొట్టబడిన వ్యాసులు నిలిచిన చోటు. ఆయనకు కాశీ దూరమైనను వంకాయ దక్కినదని, నాకు కాశీ దక్కి వంకాయ దూరమైనదని ఆ పూట అనుకొంటిని.

ఒక పల్లెటూరి కుటుంబము నన్ను పిలిచి ఆకు వేసిరి. వలదనిన చిన్నబుచ్చుకొందురు, తినిన వ్రతభంగము. నాకు వచ్చిన కొద్దిపాటి హిందీలో విషయము చెప్పితిని. వారు నవ్వుదురని భయపడితిని. నవ్వలేదు. ఆ యింటి ముసలామె, ఏమియు మాటాడక, కలిపిన చోఖా నా దగ్గర నుండి తీసివేసి, రెండు బంగాళాదుంపలును ఒక టమాటయు నిప్పులో వేరుగా కాల్చి, చేయి కడుగుకొని, వేరొక గిన్నెలో మెదిపి పెట్టెను. బాటీని విరిచి నేతిలో ముంచి తానే ఆకులో ఉంచెను. అంత రుచియైన బంగాళాదుంపను నేను మరల తినలేదు.

ఇంటికి వచ్చి ఈ కథ మా తల్లిగారికి చెప్పితిని. ఆమె అంతయు విని, "వాసన చూచితివా?" అనిరి. చూచితినంటిని. "అది విడువలేదు గదా, ఫరవాలేదు" అనిరి.

తాంబూలప్రియులకు ఒక్క మాట. కాశీలో కిళ్లీకి వాడు మగహీ తమలపాకు బీహారు నుండి వచ్చును. ఆకుపచ్చని ఆకును బుట్టలలో పెట్టి, బొగ్గుల వేడి గల మూసిన గదిలో కొన్ని దినములు మాగవేసినచో అది లేతపసుపుగా మారి, కారము పోయి, నోట కరగును. కాచు సైతము నానబెట్టి, వగరు తీసి వాడుదురు. మనము ఆకు వేసికొందుము. వారు ఆకును పండించుకొందురు.

మా తల్లిగారు 2019లో కాలము చేసిరి. ఎనిమిది వేసవులు ఆమె మామిడిపండు ముట్టలేదు. మనుమలకు ముక్కలు తానే తరిగి యిచ్చి, చేయి కడుగుకొనెడివారు.

మూడవమారు 2022 జూన్ నెలాఖరున పోయితిని. వేసవిలో పోవలదని మీకు చెప్పి నేనే పోయితిని, కారణము చెప్పెదను. ముందుగా ఆ కచోడీ సందు వెదకితిని. సందు లేదు. విశ్వేశ్వరాలయము నుండి గంగ వరకు విశాలమైన రాతి ప్రాంగణము నిర్మించి, 2021 డిసెంబరు 13న ప్రారంభించిరి. అందుకై కొన్ని వందల యిండ్లు తొలగింపబడినవి. ముసలివారు, నడువలేనివారు తొక్కిసలాట లేక స్వామిని చూడగలుగుట మేలే, అది కాదనను. కాని మా తల్లిగారు చేయి ఆనించిన అరుగు ఏ రాతిపలక క్రింద నున్నదో తెలియక, ఎండలో కొంతసేపు నిలుచుంటిని. ఆ ప్రాంగణముననే, నూరేండ్లకు పూర్వము కాశి నుండి కెనడాకు పోయిన అన్నపూర్ణ శిలావిగ్రహము, 2021 నవంబరులో తిరిగివచ్చి ప్రతిష్ఠింపబడియున్నది. చిన్న విగ్రహము, చేత అన్నపాత్ర, గరిటె. నమస్కరించి బజారునకు వచ్చితిని.

నేను వచ్చినది లంగడా మామిడి కొరకు. ఆ పండు జూన్ జూలై నెలలలోనే వచ్చును. కాశీ ప్రాంతమే దానికి పుట్టినిల్లని చెప్పుదురు. విడిచినది ఆమె గాని నేను గాదు. అయినను ఆమె పోయిన తరువాత నేనును మూడు వేసవులు మామిడి ముట్టలేకపోతిని. ఒక పండు కొని కేదార ఘట్టమునకు పోయి, నీడయున్న మెట్టు మీద కూర్చుంటిని. కాయ అంతయు పచ్చగా నున్నది. అమ్మినవాడు మోసగించినాడనుకొని వాని దగ్గరకే మరలి పోయి చూపితిని. వాడు, ఈ జాతి పండినను రంగు మారదనియు, ముక్కున చూడవలెను గాని కంట చూడరాదనియు చెప్పి, నా చేతిలోని దానినే కోసి యిచ్చెను. తొక్క పచ్చగానే యున్నది, లోపల పండియున్నది. టెంక మీది గుజ్జు వరకు తినితిని.