బడిబాటలో ప్రపంచ రికార్డులు

పిల్లలందరికీ చదువు చెప్పిస్తామని 1990లో థాయిలాండ్‌లోని జోమ్‌తియెన్‌లో ప్రపంచ దేశాలు మాటిచ్చాయి. గడువు 2000. అది దాటిపోతే సెనెగల్‌లోని డాకర్‌లో మళ్లీ కూర్చుని 2015 అన్నాయి. ఇప్పుడు 2030 అంటున్నాయి. ఈలోగా బడి ముఖం చూడనివాళ్లు, మధ్యలో మానేసినవాళ్లు కలిసి 25 కోట్లకు పైనే ఉన్నారని యునెస్కో లెక్క చెబుతోంది. అయినా సర్కారు కాగితం మీది మాట నిజంగా గడప దాకా వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ఎక్కడ వచ్చిందో చూస్తే, అక్కడ ఎవరో ఒకరు ముందు ఫీజునో, ఆకలినో, దూరాన్నో తొలగించి ఉంటారు.

84 ఏళ్లకు ఒకటో తరగతి

కెన్యా 2003లో ప్రాథమిక చదువుకు ఫీజులు ఎత్తేసింది. ఒక్కసారిగా పది లక్షల మందికి పైగా పిల్లలు కొత్తగా చేరారు. ఆ మరుసటి ఏడాది జనవరిలో ఎల్డోరెట్‌లోని ఓ బడికి కిమానీ మారుగే అనే తాత వచ్చి, తననూ చేర్చుకోమన్నాడు. వయసు 84. బ్రిటిష్ పాలనపై మౌ మౌ తిరుగుబాటులో పోరాడినవాడు. బైబిల్ ఎవరో చదివితే వినడం కాక, తానే చదువుకోవాలని ఆయన పట్టుదల. నిక్కరు, మోకాళ్ల దాకా మేజోళ్లు వేసుకుని, చిన్నపిల్లల మధ్య బల్ల మీద కూర్చున్నాడు. అదే బడిలో ఆయన మనవలిద్దరు చదువుతున్నారు. అంత పెద్ద వయసులో ప్రాథమిక బడిలో చేరిన వ్యక్తిగా గిన్నిస్ పుస్తకానికెక్కాడు. 2005లో న్యూయార్క్ వెళ్లి ఐక్యరాజ్యసమితిలో ఉచిత విద్య గురించి మాట్లాడి వచ్చాడు.

రోజుకు 28 బడులు

1973లో చమురు ధర ఎగబాకింది. ఇండోనేషియా ఖజానా నిండింది. ఆ డబ్బుతో అధ్యక్షుడు సుహార్తో ప్రభుత్వం 1978-79 వరకు 61 వేలకు పైగా ప్రాథమిక పాఠశాలలు కట్టించింది. సగటు తీస్తే ఆదివారాలతో సహా రోజుకు 28. బడిలో చేరని పిల్లలు ఎక్కువగా ఉన్న జిల్లాకు ఎక్కువ బడులు అన్నది నియమం. పాతికేళ్ల తర్వాత ఆర్థికవేత్త ఎస్తేర్ డఫ్లో లెక్కలు తీస్తే, బడులు ఎక్కువ కట్టిన చోట పెరిగిన పిల్లలు మరికొంత ఎక్కువ చదివారు, పెద్దయ్యాక జీతమూ ఎక్కువ తెచ్చుకున్నారు.

పరీక్ష అంటే ఉత్తరం రాయడమే

క్యూబాలో 1961 అంతా చదువుల ఏడాదే. దాదాపు లక్ష మంది కుర్రకారు, అందులో పదేళ్ల పైబడిన పిల్లలూ ఉన్నారు, బళ్లు మూసేయడంతో చదువు చెప్పడానికి పల్లెలకు కదిలారు. ఒక్కొక్కరి చేతికి రెండు పుస్తకాలు, ఒక ఊయల పడక, ఒక లాంతరు ఇచ్చారు. పగలంతా రైతుతో పొలంలో పని, పొద్దుగూకాక లాంతరు వెలుగులో పాఠం. నేర్చుకున్నవాళ్లకు చివరి పరీక్ష ఫిడెల్ కాస్ట్రోకు సొంత దస్తూరీతో ఉత్తరం రాయడం. డిసెంబరు నాటికి 7 లక్షల మందికి పైగా ఆ పరీక్ష గట్టెక్కారు. నిరక్షరాస్యత సుమారు 23 శాతం నుంచి 4 శాతం లోపుకు దిగింది. ఆ ఉత్తరాలు హవానాలోని అక్షరాస్యత మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి.

రాత్రి బడి నుంచి సారా కొట్టు మీదికి

అక్షరాస్యత ఉద్యమం ఏ లక్ష్యంతో మొదలైనా ఎక్కడికి చేరుతుందో చెప్పలేం. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో రాత్రి బడికి వచ్చే ఆడవాళ్లు వాచకంలో సారాతో కొంపలు గుల్లవడం గురించి చదివారు. అది తమ కథే కదా అనుకున్నారు. ఊళ్లో సారా దుకాణం మూయించారు. వాళ్లకు ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. ఊరూరా ఆడవాళ్లు కదలడంతో నెల్లూరులో సారా వేలంపాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం వచ్చింది. ఓనమాల పుస్తకం ఎక్సైజు ఆదాయానికి గండి కొట్టిన ఉదంతం ఇంకెక్కడా వినం.

పేపర్లో వేస్తే దొంగలు తగ్గారు

ఉగాండాలో 1991-95 మధ్య తలసరి లెక్కన బడులకు పంపిన నిధుల్లో బడి దాకా చేరింది సగటున 13 శాతమే. మిగతాది జిల్లా ఆఫీసుల్లోనే ఆగిపోయింది. ప్రపంచబ్యాంకు సర్వేలో సంగతి బయటపడ్డాక, ఏ జిల్లాకు ఏ నెల ఎంత పంపారో ప్రభుత్వం దినపత్రికల్లో అచ్చు వేయించింది. బడి గోడ మీదా లెక్క అతికించమంది. 2001 నాటికి చేరే డబ్బు 80 శాతం దాటింది. ఊరివాళ్లకు అడిగే అంకె దొరికింది.

అన్నిటికన్నా పెద్ద పంక్తి

బడిలో భోజనం పెట్టే పథకాల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది మన మధ్యాహ్న భోజనమే. 10 లక్షలకు పైగా బడుల్లో 10 కోట్లకు పైగా పిల్లల కోసం నడుస్తోంది. 1956లో కామరాజ్ మద్రాసు రాష్ట్రంలో విస్తరించారు, 1982లో ఎంజీఆర్ ఇంకా పెంచారు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు బియ్యం పంచడం చాలదు, వండి పెట్టాల్సిందే అన్నాక దేశమంతా పొయ్యిలు వెలిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి ఈ పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. కోనసీమలో ఏ వేళ వచ్చినవాళ్లకైనా ఆకు వేసిన ఆ తల్లి పేరు ఇంతకన్నా నప్పే చోటు లేదు.

మాత్ర, సైకిలు

కెన్యాలోని బుసియాలో 75 బడుల్లో నులిపురుగుల మాత్రలిస్తే గైర్హాజరు నాలుగో వంతు తగ్గిందని ఆర్థికవేత్తలు మైఖేల్ క్రెమెర్, ఎడ్వర్డ్ మిగ్యుల్ 2004లో ప్రకటించారు. ఆ ఫలితం ఎంత గట్టిదన్న వాదన పండితుల మధ్య చాలాకాలం సాగింది. మాత్ర మాత్రం ఖండాలు దాటింది. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడుల్లో పెద్ద ఎత్తున ఇచ్చారు. 2015లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై, తర్వాత దేశమంతటా ఫిబ్రవరి 10న నులిపురుగుల నివారణ దినం జరుపుతున్నారు.

బీహార్ 2006లో తొమ్మిదో తరగతికి వచ్చిన ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి డబ్బిచ్చింది. హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారని పరిశోధకులు కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ తేల్చారు. బడి 3 కిలోమీటర్ల కన్నా దూరమున్న ఊళ్లలోనే ఆ పెరుగుదల ఎక్కువ.

చిటికెలో మరికొన్ని

• లక్నోలోని సిటీ మాంటిస్సోరి స్కూలు 1959లో ఐదుగురితో మొదలైంది. ఇప్పుడు 50 వేల మంది దాటి, విద్యార్థుల సంఖ్యలో గిన్నిస్ రికార్డు సాధించింది.

• 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు నాసా ఉపగ్రహం ద్వారా 2,400 పల్లెలకు టీవీ పాఠాలు చేరాయి. ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

• దక్షిణ కొరియాలో కాలేజీ ప్రవేశపరీక్ష రోజున ఇంగ్లిషు వినికిడి భాగం నడిచే 35 నిమిషాలూ దేశమంతా విమానాలు దిగవు, ఎగరవు.

• ఇప్పటికీ నడుస్తున్న విశ్వవిద్యాలయాల్లో అతి పాతదిగా గిన్నిస్ గుర్తించింది మొరాకోలోని ఫెజ్‌లో 859లో వెలసిన అల్ ఖరవియ్యీన్‌ను. దాని స్థాపకురాలు ఫాతిమా అల్ ఫిహ్రీ అనే మహిళ అని ప్రతీతి.

• ప్రపంచంలో ఎక్కువ దేశాలు ఆమోదించిన మానవ హక్కుల ఒప్పందం 1989 నాటి బాలల హక్కుల ఒప్పందం. 196 పక్షాలు ఆమోదించాయి. ఐక్యరాజ్యసమితి సభ్యదేశాల్లో ఆమోదించనిది అమెరికా ఒక్కటే. అఫ్గానిస్థాన్ మాత్రం 1994లోనే ఆమోదించింది. అయినా ఆడపిల్లల్ని ఆరో తరగతి దాటనివ్వని దేశం ఇవాళ భూమ్మీద అదొక్కటే.