నక్షత్రాల పుట్టుకకు వందల కోట్ల ఏళ్ల బ్రేక్.. ఆ బుల్లి గెలాక్సీలో అసలేం జరిగింది?

శ్రీకాకుళం: నవంబర్ మొదట్లో రాత్రి 9 గంటలకు కళింగపట్నం తీరంలో నిలబడి దక్షిణం వైపు, ఆకాశంలో సగానికి కాస్త పైన చూస్తే తిమింగలం నక్షత్ర మండలం ఉంటుంది. అక్కడే ఓ బుల్లి గెలాక్సీ ఉంది. పేరు డబ్ల్యూఎల్ఎం. ఉత్త కంటికి మాత్రం కనిపించదు, పెద్ద టెలిస్కోప్ కావాల్సిందే. 1909లో మాక్స్ వుల్ఫ్ దీన్ని గుర్తించారు. గెలాక్సీయేనని 1926లో లుండ్‌మార్క్, మెలొట్ తేల్చారు. ఈ ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలే దీని పేరయ్యాయి. దూరం దాదాపు 30 లక్షల కాంతి సంవత్సరాలు. ఖగోళ లెక్కల్లో ఇది పక్కిల్లే!

ఇంతకీ దీని ప్రత్యేకత ఏంటంటే.. ఇక్కడ నక్షత్రాల పుట్టుక మొదలై, ఆగి, మళ్లీ మొదలైంది.

ఆ సంగతి ఎలా తెలిసింది? వలసలు ఎక్కువగా ఉన్న ఊరికి వెళ్లి చూడండి. ముసలివాళ్లు, పిల్లలు కనిపిస్తారు, నడిమి తరం కనిపించదు. ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ ఊరి కథ తెలిసిపోతుంది. శాస్త్రవేత్తలు చేసేదీ అదే, నక్షత్రాల జనాభా లెక్కలు. భారీ నక్షత్రాలు నీలంగా మండిపోయి, కొన్ని పదుల లక్షల ఏళ్లలోనే ముగిసిపోతాయి. అవి కనిపిస్తున్నాయంటే ఈమధ్యే పుట్టినట్టు. చిన్నవి అలా కాదు, 1,380 కోట్ల ఏళ్ల విశ్వం వయసంతా బతికేస్తాయి. ఒక్కోదాని రంగు, వెలుగు కొలిస్తే ఏ కాలంలో ఎన్ని పుట్టాయో లెక్క తేలుతుంది.

జేమ్స్ వెబ్ టెలిస్కోప్ డేటాతో క్రిస్టెన్ మెక్‌క్విన్ బృందం 2024లో ఈ లెక్క ప్రచురించింది. విశ్వం తొలినాళ్లలో నక్షత్రాలు పుట్టాయి. తర్వాత కొన్ని వందల కోట్ల ఏళ్లు దాదాపు ఆగిపోయాయి. కారణం వేడి అని అంచనా. నక్షత్రం పుట్టాలంటే గ్యాస్ చల్లబడి ముద్దకట్టాలి. అప్పటి విశ్వంలోని వేడికి ఈ చిన్న గెలాక్సీలోని గ్యాస్ కాగిపోయింది. అది చల్లారాకే మళ్లీ పని మొదలైంది. డబ్ల్యూఎల్ఎం ఒంటరిగా ఉంటుంది, పెద్ద గెలాక్సీల లాగుడు పెద్దగా లేదు. అందుకే నెపం పొరుగువాళ్ల మీదకు నెట్టడం కష్టం!

ఇందులో మన రాష్ట్రానికీ లింకుంది. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్‌లోని అతినీలలోహిత టెలిస్కోప్ ఇదే గెలాక్సీని ఫొటో తీసింది. బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ పరిశోధకులు 2018లో ఆ వివరాలు ప్రచురించారు. కొత్తగా పుట్టిన వేడి నక్షత్రాలు గుంపులు గుంపులుగా అందులో దొరికాయి. అంటే అక్కడ పురుళ్లు ఇంకా ఆగలేదన్నమాట.