కారుకు నాలుగు పూతలు

మా గుంటూరులో కారుకు మెరుపు తేవడం కష్టం కాదు, నిలపడమే కష్టం. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండ, మిర్చి యార్డు దారిలో లేచే దుమ్ము, రెండూ రంగుకు శత్రువులే. అందుచేత ఏ సీసా కొన్నామన్నదానికన్న, ఏది ముందు రాశామన్నదే ముఖ్యం.

మొదట నీళ్ళు ధారగా పోసి కడగాలి. పొడిగుడ్డతో తుడిస్తే ఇసుకరేణువులు రంగును గీస్తాయి. తరువాత నీడపట్టున, రేకు చల్లబడ్డాక పాలిష్. ఇది పూత కాదు సుమా! పై రంగును సన్నగా అరగదీసి గీతలు పోగొడుతుంది. మిగిలిన సన్నగీతలను గ్లేజ్ నింపి కప్పుతుంది. కాని ఎక్కువకాలం నిలవదు. ఆపైన సీలెంట్. ఇది రంగును పట్టుకుని నెలల తరబడి కాపాడుతుంది. చివర మైనం. పేరున్న కార్నౌబా మైనం బ్రెజిల్ దేశపు తాటిజాతి చెట్టు ఆకులనుంచి వస్తుంది.

కళ్ళాపి చల్లకుండా ముగ్గు పెట్టం గదా! ముందే మైనం రాస్తే సీలెంట్‌కు పట్టు దొరకదు. నూనె గల గ్లేజు మీదా అంతే. అలాంటి గ్లేజును మానడం మేలు.

నేను మైనం తరచు రాస్తాను, పాలిష్ జోలికి అరుదుగా పోతాను. తగ్గిన మెరుపును మైనం తేగలదు. అరిగిన రంగును ఏ సీసా తేలేదు.